నిజమైన పేరు – నిజమైన లెక్క

యుద్ధములలో పోరాడిన సైనికుల అనుభవములను నాటకములుగా కూర్చి టెలివిజను తెరపై ధారావాహికలుగా ప్రదర్శించు పద్ధతి ఈ పాతికేండ్లలో మిక్కిలి ప్రబలినది. అమెరికాలో పుట్టిన యీ ధారావాహికలను, బెంగుళూరులో మూడు నాలుగు తరములుగా కాపురమున్న మన తెలుగు కుటుంబములలో తాతలును మనుమలును ఒక్కచోట కూర్చుండి చూచుచున్నారు. మేమును చూచితిమి. చూచి కంటతడి పెట్టితిమి. అయినను ఈ వ్యాసమును వానిని పొగడుటకు వ్రాయుటలేదు. వానిపై నొక అభియోగము తెచ్చుటకు వ్రాయుచున్నాము. అభియోగము ఒక్క వాక్యములో ఇమిడిపోవును. నిజమైన మనుష్యుని నిజమైన పేరు వాడుకొన్నవాడు నిజమైన లెక్క చెప్పవలెను. ఈ నాటకములు పేరు వాడుకొనుచున్నవి, లెక్క చెప్పుటలేదు.

ఈ తలంపు పుట్టిన సందర్భమును ముందు మనవి చేయుదుము. మా వీథిలోని కళాశాల విద్యార్థి యొకడు, ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ అను ధారావాహికను మేము చూచితీరవలెనని పట్టుబట్టి చూపెను. మూడవ భాగము ముగిసినప్పుడు ఆతడు నిట్టూర్చి, “పాపము, ఆ బ్లైత్ గాయమునుండి కోలుకొననేలేదు తాతగారూ! 1948లో చనిపోయినాడట” అనెను. “నీకెట్లు తెలిసినది నాయనా?” అని అడిగితిమి. “చివర అక్షరములలో వేసినారు గదండీ! ఇది కట్టుకథ కాదు, అంతయు జరిగినదే” అనెను. ఆ అక్షరములను మేమును చదివితిమి, చదివి నమ్మితిమి. ఆ మాట నిజము కాదని తరువాత తెలిసినది.

ఆల్బర్ట్ బ్లైత్ 1948లో చనిపోలేదు. నార్మండీలో తగిలిన గాయము మానిన పిమ్మట ఆతడు సైన్యముననే కొనసాగెను. మాస్టర్ సార్జెంటు హోదాకు ఎదిగెను. 1967 డిసెంబరులో, ఇంకను సైన్యోద్యోగమున నుండగనే, జర్మనీలో మరణించెను. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఆతనిని ఖననము చేసిరి. అనగా తెరమీద చచ్చిన పిదప ఆ మనుష్యుడు పందొమ్మిదేండ్లు బ్రతికి, ఉద్యోగము చేసి, సంసారము చేసెనన్నమాట. పొరపాటు ఎట్లు జరిగినదో చూడుడు. పాత సహచరులు ఆతడు పోయెనని అనుకొనిరి. గ్రంథకర్త సహచరులను నమ్మెను. నాటకము కూర్చినవారు గ్రంథమును నమ్మిరి. మా వీథి కుఱ్ఱవాడు నాటకమును నమ్మెను. మేము కుఱ్ఱవానితోపాటు నమ్మితిమి. ఇంతమందిలో ఏ యొక్కరును రికార్డు తెఱచి చూడలేదు.

“ఇంత గొప్ప నాటకములో ఇదొక పొరపాటా?” అని కొందఱు నవ్వుదురు. మాకు నవ్వు రాదు. మేము ఉద్యోగకాలమంతయు గుమాస్తాపని చేసినవారము. పింఛను కాగితములు చూచు నొక కార్యాలయమున మేముండిన కాలములో, ఒకే పేరుగల యిద్దఱు మాజీ సైనికులలో ఒకరు మరణించిరి. రిజిస్టరులో మరణించినవాని పేరు ఎదుట పడవలసిన మాట బ్రతికియున్నవాని పేరు ఎదుట పడినది. ఆ పద్దు వ్రాసినది మేమే. మూడు నెలల తరువాత ఒక ముసలివాడు మా బల్లయెదుట నిలిచి, “అయ్యా, గుండ్లు కురిసినచోట చావలేదు గాని తమ కాగితములో చచ్చితిని” అనెను. ఆయన బ్రతికియున్నాడనుటకు ఎదుట నిలిచిన ఆ శరీరము చాలలేదు. అధికారి సంతకముతో ధ్రువపత్రము కావలసివచ్చెను. ఆ మూడు నెలలు ఆ యింటివారు అంగడిలో అరువు పెట్టి బియ్యము తెచ్చుకొనిరట. తుదకు పద్దు దిద్దితిమి. తప్పును గీకి చెఱపుట మా పనిలో నిషిద్ధము. తప్పుమీద ఒక్క గీత గీసి, ప్రక్కన ఎఱ్ఱసిరాతో సరియైన మాట వ్రాసి, తేదీ వేసి, పొడిసంతకము చేసితిమి. ఏది తప్పో, ఎవరు దిద్దిరో, ఎన్నడు దిద్దిరో ఆ పుట ఉన్నంతకాలము కనబడుచుండును. ఆనాటి సిగ్గు నేటికిని మమ్ము విడువలేదు. కావుననే “ఒక్క పొరపాటు గదా” యనువారితో మాకు పొత్తు కుదరదు.

ఈ నాటకములకు దక్కవలసిన గౌరవమును మేము తగ్గింపదలచలేదు. ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ 2001 సెప్టెంబరు 9న అమెరికాలో ప్రసారము మొదలిడినది, పది భాగములు. టామ్ హాంక్స్, స్టీవెన్ స్పీల్‌బర్గ్ దాని నిర్మాతలలో ముఖ్యులు. స్టీఫెన్ ఆంబ్రోస్ అను చరిత్రకారుడు 1992లో ప్రకటించిన గ్రంథము దానికి ఆధారము. అమెరికా 101వ వైమానిక విభాగములోని 506వ పారాచూట్ పటాలమునకు చెందిన ‘ఈజీ’ కంపెనీ అను ఒక చిన్న దళము దానికి కథావస్తువు. జార్జియా రాష్ట్రమున టొకోవా శిబిరములో కొండ యెక్కి దిగు శిక్షణ మొదలు, 1944 జూన్ 6 నాటి నార్మండీ దూకుడు, సెప్టెంబరులో హాలెండు పోరాటము, ఆ శీతకాలమున మంచులో గోతులలో గడపిన బాస్టోన్ ముట్టడి, 1945లో జర్మనీ లొంగుబాటువఱకు ఆ దళము నడచిన దారినే నాటకము నడచినది. చలికి గడ్డకట్టిన వేళ్లు, తెగిన కాలు, చాలని మందు, తల్లికి వ్రాయలేని ఉత్తరము – ఇవి చూపినప్పుడు యుద్ధము వేడుక కాదని పసివానికైనను తెలియును.

2024లో వచ్చిన ‘మాస్టర్స్ ఆఫ్ ది ఎయిర్’ మఱియొక ఉదాహరణము. ఇంగ్లాండులోని థోర్ప్ ఆబట్స్ స్థావరమునుండి జర్మనీపై బాంబులు వేయుటకు పోయిన 100వ బాంబరు దళము కథ అది. 1943 అక్టోబరు 10న మ్యూన్‌స్టర్ నగరముపై దాడికి పోయిన ఆ దళపు విమానములు పదమూడింటిలో తిరిగి వచ్చినది ఒక్కటి. ఈ అంకెను పుస్తకములో చదివినచో పుట త్రిప్పి ముందునకు పోవుదుము. తెరమీద ఆకాశమువైపు తలలెత్తి నిలిచినవారి ముఖములు చూచినప్పుడు, ఆ ఒక్క విమానము నేలకు దిగుచుండ తక్కిన పండ్రెండింటి చోటు కన్నులకు కట్టును. ఈ శక్తి నాటకమునకు గలదు. లెక్కల పుస్తకమునకు లేదు. మేము లెక్కల పుస్తకముతో జీవించినవారమయ్యు ఈ మాట ఒప్పుకొనుచున్నాము.

శక్తి గలదు గనుకనే బాధ్యతయు గలదు. ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’లో భాగములకు ముందు నిజమైన ముసలి సైనికులు కనబడి రెండు మూడు మాటలు చెప్పుదురు. కొందఱి గొంతు పూడుకొనును. కొందఱు మాట మధ్యలో ఆగిపోవుదురు. వారి పేర్లు తుది భాగమువఱకు వేయరు. ఆ ముఖముల వెంటనే నటుల కథ మొదలగును. ఇందులోని చిక్కు ఎందఱు గమనించిరి? సాక్షి ప్రమాణము చేసినది తాను కన్నదానికి, తాను విన్నదానికి. ఆ ప్రమాణపు ముద్రను తీసికొనిపోయి, రచయిత తన గదిలో కల్పించిన సంభాషణపైనను వేసినచో, ఆ సాక్ష్యమును ఏ న్యాయస్థానము అంగీకరించును? ముసలివాని కన్నీరు నిజము. దాని వెనుక వచ్చు ప్రతి మాటయు నిజము కానక్కఱలేదు. రెంటికిని నడుమ గీత గీసి చూపవలసినవారు ఆ గీతను కావలెనని చెఱపివేసిరని మా అభియోగము.

ఆ నాటకములో ఎవరి పేరు చెడినదో లెక్క తీసి చూతము. ముగ్గురు కనబడుదురు. మొదటివాడు పైన చెప్పిన బ్లైత్. ఆతనికి మరణమే తప్పుగా వ్రాసిరి. రెండవవాడు హెర్బర్ట్ సోబెల్. దళమునకు శిక్షణ యిచ్చిన యీ తొలి అధిపతిని అల్పబుద్ధిగల పీడకునిగా చూపిరి. ఆతని కఠినశిక్షణయే తమ్ము బ్రతికించినదని ఆ దళమువారిలో పలువురు తరువాత ఒప్పుకొనిరి. కాని చూచినవారికి గుర్తుండునది ఆతనికి జరిగిన పరాభవమే. మూడవవాడు నార్మన్ డైక్. 1945 జనవరి 13న బెల్జియములోని ఫోయ్ గ్రామముపై దాడి చేయునప్పుడు ఆతడు నడుమ దారిలో దిగ్భ్రాంతుడై, ఆజ్ఞ లీయజాలక, గడ్డివామి చాటున కూలబడెనని ఏడవ భాగము చూపును. ఆ దాడిలో ఆతనిని తొలగించి స్పియర్స్ అను అధికారిని పంపినమాట నిజమే. కాని ఆతని సేవాచరిత్రలో రెండు కాంస్యతార పతకములు గలవు. అందొకటి హాలెండు పోరాటమునకు. రెండవది బాస్టోన్ కడ కాల్పుల నడుమ గాయపడిన ముగ్గుఱిని సురక్షితస్థలమునకు చేర్చినందుకు. ఫోయ్ దాడిలో ఆతడు భుజమున గాయపడియుండెనని ఆ కంపెనీ సైనికుడే యొకడు తరువాత చెప్పెను. ఈ రెండు మాటలును నాటకములో లేవు.

డైక్ గొప్ప నాయకుడని మేము వాదింపము. అంత దూరము మాకు తెలియదు. తెలియనిదానికి సంతకము చేయము. మేము చూపదలచినది వేఱు. సోబెల్ 1987లో మరణించెను. డైక్ 1989లో మరణించెను. బ్లైత్ 1967లోనే మరణించెను. ఆధారగ్రంథము వెలువడినది 1992లో. అనగా పేరు చెడిన మువ్వురును గ్రంథము వెలువడకమున్నే పోయినవారు. బ్రతికియున్నవారు గ్రంథకర్తతో కూర్చుండి మాటాడిరి, ఉత్తరములు వ్రాసిరి, చిత్తుప్రతి చూచిరి, తరువాత నటులకు తమ నడకలు, మాటతీరులు నేర్పిరి. చచ్చినవాని పక్షమున ఎవడు మాటాడెను? వీరిపై కుట్ర జరిగినదని మేమనము. ఒక వైపు సాక్షులనే పిలిచి విచారణ ముగించినచో తీర్పు తనంతట తాను అట్లే యొరగును. ఆఫీసులలో లేనివాని నెత్తిన తప్పు రుద్దుట ఎంత సులభమో మేము కన్నులార చూచినవారము. సెలవులో నున్నవాని బల్లమీదనే పోయిన కాగితములన్నియు తేలుచుండును.

ఇక ఎదుటిపక్షమువారి వాదములను విందము. మొదటి వాదము కవిస్వాతంత్ర్యము. “మన బొబ్బిలికథలో కల్పన లేదా? 1757లో జరిగిన యుద్ధమును జంగములు పాడినట్లే జరిగినదా? తాండ్ర పాపారాయని ప్రతి మాటయు ఎవడు విని వ్రాసెను? మీరు దానిని విని పులకరించుటలేదా?” అని అడుగుదురు. పులకరించుచున్నాము. కాని ఆ కథ చెప్పు పద్ధతిని జ్ఞాపకము చేసికొనుడు. బుఱ్ఱకథలో కథకుడు నడుమ నిలిచి తంబుర మీటును. ఇరుప్రక్కల వంతలుందురు. అందొకడు ఊరక “తందాన” పలుకుట కాదు, కథకుని నడుమనడుమ ఆపును, “అదెట్లు సాధ్యమయ్యా?” అని అడుగును, వెక్కిరించును, నేటి సంగతి యెత్తి పొడుచును. విను జనులకు ఇది కథయనియు, చెప్పువాడు మన ఊరివాడేయనియు క్షణక్షణము తెలియుచునే యుండును. పైగా కథ ముగిసిన పిమ్మట ఏ జంగమును “ఫలానావాడు ఫలానా యేట మరణించెను” అని జనన మరణముల రిజిస్టరు చదువడు. టెలివిజను నాటకమువారు వంతను తీసివేసిరి, రిజిస్టరును తెచ్చిపెట్టిరి. కవిస్వాతంత్ర్యము కావలెనన్నవాడు కవివలె మాటాడవలెను. తహశీల్దారువలె తేదీ వేసి, తప్పు బయటపడగనే కవినందురేని చెల్లదు.

రెండవ వాదము: “అంత నిక్కచ్చిగా నుండవలెనన్నచో ఏ నాటకమును పుట్టదు; జరిగినదంతయు చూపుటకు పదిభాగములు కాదు, పదేండ్లు పట్టును” అందురు. మేము అడిగినది అది కాదు. రెండు దినములను ఒక దినముగా కుదింపుడు. ఇద్దఱు మాటాడిన మాటను గదిమార్చి చూపుడు. ఎవరి గౌరవమును పోదు. కాని ఒకని పుణ్యమును మఱియొకని ఖాతాలో జమకట్టరాదు, ఒకని పాపమును ఊహించి ఖర్చు వ్రాయరాదు. ఈ భేదమును ఒక ఉదాహరణముతో చూపుదుము.

2010లో వచ్చిన ‘ది పసిఫిక్’ అను ధారావాహికకు రాబర్ట్ లెకీ 1957లో ప్రకటించిన గ్రంథమును, యూజీన్ స్లెడ్జ్ 1981లో ప్రకటించిన గ్రంథమును ముఖ్యాధారములు. ఇరువురును పసిఫిక్ దీవులలో జపానీయులతో పోరాడిన నావికాసైనికులు. స్లెడ్జ్ పెలెలియు, ఒకినావా యుద్ధములలో తన జేబులోని క్రొత్తనిబంధన పుటలలో రహస్యముగా గుర్తులు వ్రాసికొని, ముప్పదియైదేండ్లు గడచిన పిమ్మట గ్రంథము చేసెను. అందు తన తప్పును తానే వ్రాసికొనెను. చచ్చిన శత్రువుల నోళ్లలోని బంగారుపండ్లను ఊడబెఱకు పాడుపని చుట్టును సాగుచుండ, ఒకనాడు తానును చేయి చాచెననియు, దళములోని వైద్యసేవకుడొకడు “క్రిములు అంటును, వలదు” అను నెపముతో తన్ను వారించెననియు, ఆ నెపము వెనుక నున్న దయను తాను తరువాత గ్రహించితిననియు ఆయన చెప్పెను. నాటకములో ఈ ఘట్టము గలదు, చక్కగా నటించిరి. కాని వారించువాడు మాఱినాడు. స్లెడ్జ్‌కు తోడుగానుండు మఱియొక సైనికుని నోట ఆ మాట పెట్టిరి. నాటకరచనకు అది అనుకూలమని మాకు తెలియును. పాత్రలు తక్కువైనచో కథ బిగువుగా నుండును. కాని నరకమువంటి ఆ దీవిలో ఒక మనుష్యుడు ఒక మాట చెప్పి తోడివానిని పశువు కాకుండ కాపాడెను. ఆ మనుష్యునికి ఆ మాటయే ఆస్తి. దానిని మఱియొకని పేర బదిలీ చేయుటకు ఎవరికి హక్కు గలదు?

మూడవ వాదము మన పెద్దలలో కొందఱిది. “ఈ గొడవ మనకెందుకు? పరదేశీయుల యుద్ధములు, పరదేశీయుల డబ్బు, పరదేశీయుల గొప్పలు. పిల్లలను చూడవలదనుడు, సరిపోవును” అందురు. ఈ వాదము మాకు అన్నింటికంటె దుర్బలముగా తోచుచున్నది. రెండవ ప్రపంచయుద్ధమున భారతసైన్యములో చేరినవారు సుమారు 25 లక్షలు. మరణించినవారు సుమారు 87 వేలు. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము కడనున్న మాధవరమునకు ‘మిలిటరీ మాధవరము’ అను పేరు ఊరక రాలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను జపాను విమానములు బాంబులు వేసినవి. మన ఊరిలో హలసూరు చెఱువు ప్రక్కనున్న మద్రాసు శాపర్ల శిబిరమునుండి పోయినవారు బర్మాలోను, ఇటలీలోను వంతెనలు కట్టిరి, పాతిపెట్టిన మందుపాతరలు ఏరిరి. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో సుబేదార్ సుబ్రహ్మణ్యము తోడివారిని కాపాడుటకై పేలబోవు మందుపాతరపై తానే పడి మరణించి జార్జి క్రాసు పొందెను. ఆయన ఈ శాపర్లలోనివాడే. ఇది పరదేశీయుల గొడవ యెట్లగును?

మనవారును ఈ పని చేయకపోలేదు. మూడు దశాబ్దములకు పూర్వమే దూరదర్శన్‌లో చేతన్ ఆనంద్ పరమవీరచక్ర గ్రహీతల కథలను వారివారి పేర్లతోనే చూపెను. 2020లో కబీర్ ఖాన్ ‘ది ఫర్గాటెన్ ఆర్మీ’ అను పేర ఆజాద్ హింద్ ఫౌజు కథను ఐదు భాగములుగా తీసెను. ఈయన అంతకుముందు 1999లో, ఆ ఫౌజులో పనిచేసిన కెప్టెన్ లక్ష్మీ సెహగల్, కర్నల్ ధిల్లాన్ గార్లతో కూడ ఆ పాతదారిని తిరిగి నడచి, డాక్యుమెంటరీ చిత్రముగా తీసినవాడు. అందు సాక్షుల మాట సాక్షుల పేరనే యున్నది. తరువాతి నాటకములో ముఖ్యపాత్రలకు కల్పితనామములు పెట్టెను. ఆ నాటకపు గుణదోషములు వేఱు విచారము. పేరు విషయమున మాత్రము ఆ పద్ధతి న్యాయమైనది. కల్పనకు కల్పితుని పేరు, సాక్ష్యమునకు సాక్షి పేరు – రెండు పుస్తకములు వేఱువేఱుగా నుంచినాడు. ఈ దారి తెఱచియుండగా, మఱియొక దారి లేదనుట సాకు మాత్రమే.

కావున మేము కోరునది మూడు సంగతులు. ఒకటి: నిజమైన పేరు పెట్టిన నాటకము, ఏది రికార్డునుండి తీసికొన్నదో, ఏది కల్పించినదో ప్రతి భాగమునకు తుదిని స్పష్టముగా చెప్పవలెను. “కొన్ని ఘట్టములు నాటకీకరింపబడినవి” అను గోడమీది పిల్లివంటి వాక్యము చాలదు. రెండు: నిజమైన పేరుగలవానికి అపకీర్తి తెచ్చు ఘట్టమును చూపదలచినచో ఆతని సేవాపత్రమును, ఆతని పక్షమువారి మాటను విచారించిన పిమ్మటనే చూపవలెను, ఎదుటిమాట యేదైన నున్నచో దానినికూడ ప్రేక్షకునకు వినిపింపవలెను. మూడు: తప్పు బయటపడినప్పుడు దానిని ఆ నాటకముననే, ఆ చోటనే, చూచువానికి కనబడునట్లు దిద్దవలెను. ఎక్కడనో ఒక పత్రికలో సవరణ వేసి ఊరకుండరాదు. పూర్వము ఫిల్ము చుట్టలు ఊరూరికి పోయినప్పుడు ఇది కష్టమేమో. నేడు నాటకము ఒక్కచోట భద్రమైయుండి, కోరినవాని ఇంటికి కోరిన క్షణమున పోవుచున్నది. అక్కడ ఒక వాక్యము మార్చుటకు మా ఎఱ్ఱసిరాకు పట్టినంత కాలము పట్టదు.

ఈ మూడును అమెరికావారికి చెప్పుటకు మేమెవరమని అడుగవచ్చును. వారు వినరేమో, కాని మన నాటకములు ముందున్నవి. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో వీరమరణము పొందిన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబువంటివారి కథలు ఎన్నడో యొకనాడు తెలుగున భాగములుగా వచ్చును, రావలెను. అప్పుడు ఒక తల్లి, ఒక భార్య, బిడ్డలు ఆ తెర ఎదుట కూర్చుందురు. ఆ నోట పలుకని మాటను పలికించినచో వారికి తెలియును. వారి ప్రక్కనున్న సైనికుని పిరికివానిగా చూపినచో ఆ యింటనుకూడ ఒక టెలివిజను పెట్టె యుండునని గుర్తుంచుకొనవలెను. నియమము అప్పటికి ఏర్పడియుండవలెనుగాని, గాయము తగిలిన పిమ్మట ఏర్పరచుకొనుట కాదు.

తుదకు మన తప్పును మనము వ్రాసికొందము. అమెరికావారి నాటకములో తప్పు పట్టగలిగితిమన్నచో, పోల్చిచూచుటకు అక్కడ రికార్డు ఉన్నది గనుక. వారి సైనికులు దినచర్యలు వ్రాసికొనిరి, గ్రంథములు వ్రాసిరి, చరిత్రకారులు వారిని వెదకి మాటాడించిరి. మనకేమున్నది? మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సుకు పోయిన భారతసైనికుల ఉత్తరములను సైనిక సెన్సారువారు తెఱచి, ఇంగ్లీషులోనికి మార్చి, నకళ్లు తీసి యుంచిరి. రాజద్రోహము వెదకుటకు తీసిన నకళ్లవి. అవియే నేడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున నున్నవి. 1999లో డేవిడ్ ఒమిస్సీ అను చరిత్రకారుడు వానిలో కొన్నింటిని ఏర్చి గ్రంథముగా ప్రకటించెను. మన సైనికుని మాట మనకు దక్కినది మన శ్రద్ధవలన కాదు, పరప్రభుత్వపు అనుమానమువలన. ఇంతకంటె సిగ్గుచేటు ఏమున్నది? రికార్డు లేనిచోట నాటకకర్త ఏమి చెప్పినను అదియే చరిత్ర యగును. కాదనుటకు మన చేత కాగితముండదు.

రాష్ట్రము వెలుపలనున్న తెలుగు సంఘములకు ఈ పని మఱింత దగ్గఱిది. బెంగుళూరు, సికిందరాబాదు, మద్రాసు, పూనావంటి దండు ఊళ్లలో సైన్యపు కొలువువలననే స్థిరపడిన తెలుగు కుటుంబములు ఎన్నో గలవు. 1965, 1971 యుద్ధములలో పోరాడినవారు ఇంకను కొందఱు మన నడుమ నున్నారు. వారి వయస్సు డెబ్బదియైదు దాటినది. సంక్రాంతికి, ఉగాదికి వారిని వేదిక యెక్కించి శాలువ కప్పి పంపుచున్నాము. శాలువ కప్పినంతసేపైన వారి మాట వినుటలేదు. ఈ సంవత్సరము మన సంఘము ఒక నోటుపుస్తకమును, ఒక శబ్దగ్రాహక యంత్రమును, ఓపికగల ఇద్దఱు యువకులను ఏర్పాటుచేసి, వారి యిండ్లకు పంపవలెనని ప్రార్థించుచున్నాము. వారు కన్నడముతో, తమిళముతో, దండు హిందీతో కలిపి మాటాడు తెలుగును దిద్దక, చెప్పినది చెప్పినట్లు వ్రాయవలెను. చూచినదానిని చూచితిననియు, విన్నదానిని వింటిననియు వేఱుగా గుర్తింపవలెను. తేదీ వేసి, చెప్పినవాని సంతకము తీసికొనవలెను. పది పుటలైనను చాలును. నాటకము తరువాత వచ్చును.

మా బల్లయెదుట నిలిచిన ఆ ముసలి సైనికుని గుఱించి ఒక్కమాట మిగిలినది. ఆయన బర్మాలో పనిచేసినవాడని పింఛను కాగితమున నుండెను. ధ్రువపత్రము కొఱకు ఆయన నాలుగుమాఱులు మా కార్యాలయమునకు వచ్చెను. నాలుగుమాఱులును మా ప్రక్కబల్లపై గంటల తరబడి కూర్చుండెను. కాగితములన్నియు అడిగితిమి. బర్మాలో ఏమి చూచితిరని మాత్రము అడుగలేదు. ఆయన తరువాత కొన్నేండ్లకు పోయెను; ఆ పద్దు ఈమాఱు సరిగానే వ్రాసితిమి.